పక్క జిల్లాలో లైగో, మన గ్రాఫ్‌లో చుక్కలు: దేశం సంపదకీ ఖగోళ పరిశోధనకీ లెక్క ఎక్కడ కుదురుతుంది?

దెగ్లూర్ ఫిజిక్స్ · శనివారం రాత్రి 9.10

అందరికీ నమస్తే. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిపి. మన వైపు సంగతి మీకు తెలిసిందే.

గురుత్వ తరంగాలు, అంటే భారీ వస్తువుల కదలికతో అంతరిక్షంలో పుట్టే అలలు, మా పదకొండో తరగతి పాఠంలో లేవు. అయినా చెబుతుంటాను. ఆ తరంగాలను పట్టే యంత్రం, నాలుగేసి కిలోమీటర్ల రెండు గొట్టాల లైగో-ఇండియా, కట్టేది మన నాందేడ్ పక్కనే, హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర. పిల్లలకు ఆ మాత్రం తెలియకపోతే ఎలా? మొన్న చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, "సార్, పరిశోధనలు చేసేది డబ్బున్న దేశాలవాళ్లే కదా, మధ్యలో మన సోయా చేల పక్కన ఇదెందుకు?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

సరే, గ్రాఫ్ గీద్దాం అన్నాను. అడ్డంగా దేశాల తలసరి ఆదాయం. నిలువుగా పది లక్షల జనాభాకు అంతర్జాతీయ ఖగోళ సంఘంలో ఎంతమంది సభ్యులున్నారో ఆ లెక్క. మొదటిసారి మామూలు స్కేలుతో గీస్తే పేద దేశాలన్నీ ఎడమ మూలన ఒకదానిమీద ఒకటి పడి సిరా మరకలా అయ్యాయి. లాగ్ స్కేలు (ఒక్కో మెట్టుకు పది రెట్లు పెరిగే కొలత) వేశాక విడివడ్డాయి. చుక్కలు మొత్తమ్మీద ఎడమ కింద నుంచి కుడి పైకి పోతున్నాయి. "చూశారా సార్" అంది అదే అమ్మాయి.

కానీ కొన్ని చుక్కలు మాట వినలేదు. కువైట్, ఖతర్ బాగా కుడివైపున ఉండి కూడా కింద పడుకున్నాయి. ఆర్మేనియా ఎడమవైపు ఉండి పైకి లేచింది. చిలీ, ఎస్టోనియా కూడా తమ ఆదాయానికి తగిన చోటు కంటే పైనే ఉన్నాయి. వీటిని ఎలా వివరించాలో మీరే చెప్పండి. సోమవారం మళ్లీ అదే క్లాసు ఉంది, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ధర్మాబాద్ మిర్చి · 9.31

ఇందులో వివరించడానికి ఏముంది సార్. మా యార్డులో చూడండి. పంట అందరికీ ఒకేసారి వస్తుంది. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టుకోగలిగినవాడు ధర పెరిగేదాకా ఆగుతాడు. చేతిలో లేనివాడు దింపిన రోజే అమ్ముకుంటాడు. టెలిస్కోపులైనా అంతే. ఉన్నవాడు ఆకాశం చూస్తాడు, లేనివాడు నేల చూస్తాడు.

గల్ఫ్ బాట · 9.58

నేను కువైట్‌లో ఉంటాను, సొంతూరు బిలోలి తాలూకా. డబ్బు ఉంటే చాలు అనే మాట ఇక్కడికి వచ్చి అనమనండి మిర్చి అన్నను. పదకొండేళ్లుగా చూస్తున్నా. డబ్బుకు లోటు లేదు. ఎడారి ఉంది, మబ్బు లేదు. కానీ నాకు తెలిసిన కుటుంబాల్లో పిల్లలు ఇంజనీరింగ్, పెట్రోలియం, బిజినెస్ చదువుతారు. నక్షత్రాలు చదువుతా అన్నవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

పక్కన ఎమిరేట్స్ వాళ్లు మాత్రం వేరే దారి పట్టారు. 2020లో జపాన్ రాకెట్ మీద అంగారకుడికి హోప్ నౌకను పంపారు, 2021 ఫిబ్రవరిలో అది కక్ష్యలోకి చేరింది. దాన్ని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లతో కలిసి తయారు చేశారు, వీళ్ల ఇంజనీర్లు అక్కడికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చు కదా, కొనలేదు. డబ్బుతో ముందు మనుషులను తయారు చేసుకోవాలి అనుకున్నారన్నమాట.

రిటైర్డ్ లెక్కలు · 10.40

మాస్టారూ, పిల్లలతో గ్రాఫ్ గీయించినందుకు ముందుగా అభినందనలు. ముప్పై రెండేళ్లు లెక్కలతోనే బతికాను కాబట్టి చాదస్తంగా రెండు మూడు మాటలు చెప్పనివ్వండి.

కోడి కూసిందని తెల్లారదు. రెండూ ఒకే వేళకు జరుగుతాయి, అంతే. ఆదాయం పెరిగిన దేశంలో బడులు పెరుగుతాయి, కరెంటు నిలకడగా ఉంటుంది, ఇంగ్లీషులో రాసేవాళ్లు పెరుగుతారు. వీటిలో ఖగోళ శాస్త్రవేత్తలను పుట్టించేది ఏదో మీ గ్రాఫ్ చెప్పదు.

తలసరి లెక్క తీసుకోవడం మంచి పని. మొత్తం జాతీయాదాయం పక్కన మొత్తం సభ్యుల సంఖ్య పెడితే రెండింట్లోనూ జనాభా దూరుతుంది. పెద్ద దేశానికి అన్నీ పెద్దవే, గీత చక్కగా వస్తుంది. కానీ అది చెప్పేది దేశం సైజు గురించే.

సభ్యులకు బదులు పరిశోధన పేపర్లు లెక్కపెడితే ఇంకో తిరకాసు ఉంది. 2016 ఫిబ్రవరిలో గురుత్వ తరంగాలు దొరికాయని ప్రకటించిన పేపరుకు వెయ్యి మందికి పైగా రచయితలు. వారిలో మన దేశపు సంస్థలవాళ్లూ ఉన్నారు. దాన్ని అమెరికాకు ఒకటి, భారత్‌కు ఒకటి, ఇటలీకి ఒకటి అని లెక్కేస్తారా, లేక వెయ్యి ముక్కలు చేసి పంచుతారా? మొదటి పద్ధతిలో చిన్న దేశం కూడా గొప్పగా కనబడుతుంది, రెండో దాంట్లో మాయమైపోతుంది. ఏ పద్ధతో చెప్పకుండా ఎవరైనా ర్యాంకుల పట్టిక చూపిస్తే నేను చదవను.

అన్నిటికంటే పెద్దది కాలం తేడా. సభ్యులైనా పేపర్లైనా, ఈ ఏటి లెక్క పక్కన ఈ ఏటి ఆదాయం పెట్టి పోలుస్తున్నారు. లైగో-ఇండియానే చూడండి. 2016లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, 2023 ఏప్రిల్‌లో కేబినెట్ 2,600 కోట్లు మంజూరు చేసింది, పని చేయడం మొదలయ్యేసరికి 2030 వస్తుంది. ఈ రోజు వచ్చే పేపరుకు పెట్టుబడి ఎవరో పదిహేను, ఇరవై ఏళ్ల కింద పెట్టి ఉంటారు. ఆర్మేనియా చుక్క పైకి లేవడానికి కారణం కూడా అదే. అక్కడి బ్యురకాన్ అబ్జర్వేటరీని 1946లో సోవియట్ రోజుల్లో అంబర్త్సుమ్యాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త స్థాపించాడు. ఆ దేశం తర్వాత చితికిపోయింది, కానీ పాఠం చెప్పే గురువులు మిగిలారు.

ధర్మాబాద్ మిర్చి · 10.52

లెక్కల సార్ రాస్తే మా తాతగారి వీలునామా చదివినట్టు ఉంటుంది. కానీ పాయింటు ఉంది. 😀

గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తేది దించేది ఎవరి ఇష్టమో అన్నట్టు, ఈ డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా ముంబై, ఢిల్లీలే నిర్ణయిస్తాయి.

నిర్వాహకుడు · 10.55

మిర్చి గారూ, బాబ్లీ చర్చ వేరే దారంలో (థ్రెడ్‌లో) 214 పోస్టులు దాటింది. దయచేసి అక్కడికి.

కిన్వట్ బడి · ఆదివారం ఉదయం 7.20

నేను జిల్లా పరిషద్ శాళలో టీచర్ని. ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మా బడిలో సైన్స్ సామాను అంటే ఒక అయస్కాంతం, పగిలిన పట్టకం, గుండె బొమ్మ. గోండు, కోలాం పిల్లలు ఇంట్లో ఒక భాష, బయట తెలుగు, బడిలో మరాఠీ. ఇలాంటి చోట 2,600 కోట్లు రెండు గొట్టాలకు పెట్టడం ఎంతవరకు న్యాయం? తలసరి ఆదాయం పెరిగాక ఖగోళం చూసుకోవచ్చు కదా. మాస్టారి గ్రాఫ్ చెప్పేది కూడా అదే కదా?

రిటైర్డ్ లెక్కలు · 8.05

అమ్మా, 2,600 కోట్లను 140 కోట్ల మందికి పంచితే తలకు 19 రూపాయలు కూడా రావు. అదీ ఎన్నో ఏళ్లకు కలిపి. నాందేడ్ స్టేషన్ బయట రెండు కటింగ్ చాయ్‌లు. మీ బడికి పట్టకం రాకపోవడానికి కారణం లైగో కాదు. మన దేశం అన్ని రకాల పరిశోధనలకూ కలిపి పెట్టేదే జాతీయాదాయంలో 0.64 శాతం. దక్షిణ కొరియా 5 శాతం దగ్గర పెడుతోంది, ఇజ్రాయెల్ అంతకంటే ఎక్కువ. ఉన్న రొట్టే చిన్నది, అందులో మీరూ మేమూ కొట్టుకుంటున్నాం.

కిన్వట్ బడి · 8.31

19 రూపాయలు అని మీరు అంటారు సార్. మా బడికి ఏడాదికి వచ్చే నిధిని పిల్లల సంఖ్యతో భాగిస్తే ఎంతొస్తుందో కూడా ఒకసారి అడగండి. తలసరి లెక్క మీకు కావలసినచోట చిన్నదవుతుంది, మాకు కావలసినచోట పెద్దదవుతుంది. నేను ఒప్పుకోను.

పుణె రేడియో · 11.15

అందరికీ నమస్తే. నేను బిలోలి అమ్మాయిని, పుణెలో రేడియో ఖగోళశాస్త్రంలో పిహెచ్‌డి నాలుగో ఏడు. రాత్రంతా మేలుకుని ఇప్పుడే చూశాను ఈ దారం. టీచరక్కా, మీ మాట తీసిపారేయదగ్గది కాదు. నా పాత బడి కూడా అలాంటిదే. కానీ "ఆదాయం పెరిగాక చూసుకుందాం" అన్న మాటతో మాత్రం నాకు పేచీ ఉంది, ఎందుకో చెబుతాను.

మా దగ్గర నారాయణ్‌గావ్ పక్కన ఖోడద్‌లో జిఎంఆర్‌టి అనే రేడియో టెలిస్కోపు ఉంది. 30 యాంటెనాలు, ఒక్కొక్కటి 45 మీటర్లు. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారి బృందం కట్టింది. అంత పెద్ద గిన్నెను గట్టి లోహపు రేకుతో చేస్తే బరువు, గాలి తాకిడి, ఖర్చు అన్నీ తడిసి మోపెడయ్యేవి. వాళ్లు రేకు వాడలేదు. స్టీలు తీగల మోకులు బిగించి, వాటి మీద సన్నటి తీగ జాలీ పరిచారు. కింద నిలబడి పైకి చూస్తే జల్లెడలోంచి చూసినట్టు మబ్బులు కనబడతాయి. చిలకలు ఆ పక్కనుంచి ఈ పక్కకు ఎగురుతుంటే వాటి రెక్కలు కూడా కనబడతాయి. గాలి అందులోంచి పోతుంది. మీటరు, అర మీటరు పొడవున్న రేడియో తరంగానికి మాత్రం ఆ కంతలు కంతలే కావు, అద్దంలాగే తిప్పి కొడుతుంది. కోళ్ల గూటి జాలీలోంచి గాలి పోతుంది కానీ కోడి పోదు కదా, అలా. డబ్బు తక్కువైనందుకే ఆ ఆలోచన పుట్టింది. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచి దాని సమయం కోసం అర్జీలు పెట్టుకుంటారు. 2023 జూన్‌లో చాలా నెమ్మదిగా ఊగే గురుత్వ తరంగాల జాడ దొరికిందని యూరప్ వాళ్లతో కలిసి మనవాళ్లు ప్రకటించినప్పుడు అందులో జిఎంఆర్‌టి కొలతలున్నాయి.

ఇక మాస్టారి చుక్కల విషయం. మిర్చి అన్న చెప్పిన కోల్డ్ స్టోరేజీ మాట నాకు చాలా నచ్చింది, అన్న దాన్ని సగంలో వదిలేశారు. డబ్బున్న దేశం కొనుక్కునేది టెలిస్కోపును కాదు, ఆగే ఓపికను. నాలాంటి వాళ్లకు ఫెలోషిప్ నాలుగైదు నెలలు ఆలస్యమైతే ఏమవుతుంది? రూమ్ అద్దె కోసం ట్యూషన్లు చెబుతాం. నాతో చేరిన ఒకతను మూడో ఏట సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు. అతను సగం చేసిన లెక్కలు ఇప్పటికీ సర్వర్లో ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. అవి ఏ దేశపు పేపర్ల లెక్కలోనూ రావు. నెదర్లాండ్స్‌లో లైడెన్ అబ్జర్వేటరీ 1633 నుంచి నడుస్తోంది. అక్కడ ఒకరు వెళ్లిపోతే ఆ పనిని అందుకునేవాళ్లు ఉంటారు.

చిలీ కథ ఇంకో రకం. ఆ దేశానికి ఉన్నది అటకామా ఎడారి. పొడి గాలి, ఎత్తైన కొండలు. యూరప్, అమెరికా వాళ్లు వచ్చి టెలిస్కోపులు పెట్టుకున్నారు. చిలీ పెట్టిన షరతు ఏంటంటే, మా కొండ మీద పెట్టిన టెలిస్కోపు సమయంలో పది శాతం మా వాళ్లకు ఇవ్వాలి. స్థలం ఇచ్చి వాటా తీసుకోవడం. మన పల్లెల్లో పాలికి ఇచ్చినట్టే. ఆ పది శాతం కోసమే యూనివర్సిటీల్లో కొత్త పోస్టులు పుట్టాయి, బయటివాళ్లు వచ్చి చేరారు, చుక్క పైకి లేచింది.

దెగ్లూర్ ఫిజిక్స్ · 11.40

అమ్మా, ఇది సోమవారం క్లాసులో చదివి వినిపిస్తాను. పేరు చెప్పకుండా బిలోలి అక్క అని చెబుతాను, సరేనా?

ఒక సందేహం. టెలిస్కోపు లేని దేశంవాడు కూడా ఇప్పుడు పని చేయవచ్చు అంటారు కదా, డేటా అంతా ఉచితం అని. అప్పుడు ఆదాయం ప్రభావం తగ్గాలి కదా?

పుణె రేడియో · మధ్యాహ్నం 12.25

చెప్పండి సార్, పర్లేదు. 😊

కొంత తగ్గింది, నిజమే. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తయారీకి వెయ్యి కోట్ల డాలర్ల దాకా అయింది, అంటే లైగో-ఇండియాకు ముప్పై రెట్ల పైన. కానీ దాని సమయం కోసం ఏ దేశంవాళ్లైనా అర్జీ పెట్టవచ్చు. తీసిన డేటా ఎక్కువలో ఎక్కువ ఏడాది తర్వాత అందరికీ తెరిచేస్తారు. 1991 నుంచి ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండారంలో పేపర్లు ఉచితంగా చదువుకోవచ్చు. మన దేశంలోనే రాడ్ అట్ హోమ్ అనే కార్యక్రమం 2013లో మొదలైంది. మామూలు డిగ్రీ పిల్లలకు శిక్షణ ఇచ్చి జిఎంఆర్‌టి బొమ్మల్లో వింత గెలాక్సీలను వెతికిస్తారు. మీ విద్యార్థులు డిగ్రీలో చేరాక దానికి ప్రయత్నించవచ్చు.

కానీ డబ్బు ఇంకో దారిలో వచ్చి కూర్చుంది. ఖగోళంలో పేరున్న బ్రిటిష్ జర్నల్ ఒకటి, మంత్లీ నోటీసెస్, 2024 నుంచి పూర్తిగా ఉచితంగా చదువుకునేలా మారింది. ఆ ఖర్చు రాసేవాళ్ల మీద పడింది. ఒక్కో పేపరుకు రెండు వేల పౌండ్ల పైన. మన డబ్బుల్లో రెండు లక్షల పైమాట. సంస్థ ఒప్పందం ఉంటే సరి, లేకపోతే గైడ్ ముఖం చూడాలి. ఇంతకు ముందు చదవడానికి డబ్బులు, ఇప్పుడు రాయడానికి డబ్బులు.

ఔంఢా రోడ్డు · సాయంత్రం 4.02

నేను టిప్పర్ నడుపుతాను, నాందేడ్-హింగోలి లైను. ఇక్కడ మాట్లాడేంత చదువు లేదు, కానీ రోజూ ఆ దారిన పోతాను. ఒకటి చెప్పండి అక్కా. ఆ మెషిను ఆన్ అయ్యాక నా టిప్పర్ అటు పోతే అది ఆగిపోతుందా? మావాళ్లు రోడ్డు మూసేస్తారని భయపెడుతున్నారు. 2024 మార్చిలో హింగోలి వైపు భూమి ఊగినప్పుడు మా ఇంట్లో షెల్ఫు మీది స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. అలాంటి చోట ఇది ఎలా పెట్టారు?

పుణె రేడియో · 4.48

అన్నా, ఈ దారంలో అసలైన ప్రశ్న మీదే.

అది కొలిచేది ఎంత చిన్న కదలిక అంటే, నాలుగు కిలోమీటర్ల గొట్టం చివర ఉన్న అద్దం ఒక ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కంటే తక్కువ జరిగినా పట్టుకుంటుంది. కాబట్టి టిప్పర్ ఏంటి, సముద్రపు అలలు తీరాన్ని కొట్టే అదురు కూడా దానికి తెలుస్తుంది. అమెరికాలో లివింగ్‌స్టన్‌లో ఉన్న లైగో దగ్గర అడవిలో చెట్లు నరికే పనులు, రైళ్ల కుదుపులు ఉండేవి. మొదట్లో పగలు పని చేయించడమే కష్టమైంది. అప్పుడు రోడ్లు మూయలేదు, అద్దాల కింద అదురును ఎదురు తోసి ఆపే ఏర్పాటు చేశారు. 40 కిలోల అద్దాన్ని గాజు దారాలతో వేలాడదీస్తారు, పైన ఇంకా మూడు అంచెలు. ఊయల తాడు పై కొస పట్టుకుని గబగబా ఊపితే కింద పాప కదలదు, చూశారా, అదే పద్ధతి. పెద్ద భూకంపం వస్తే మాత్రం కాసేపు పని ఆగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది.

రిటైర్డ్ లెక్కలు · 6.15

చిలీ పేరు వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. మా నాయన పుట్టినప్పుడు నాందేడ్ నిజాం రాజ్యం. 1956 దాకా హైదరాబాదుతోనే ఉన్నాం.

1887లో పారిస్‌లో ప్రపంచ దేశాలు కూర్చుని ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. ఎవరి పట్టీ వాళ్లు ఫొటోలు తీసి నక్షత్రాల చోట్లు కొలవాలి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ చిలీలోని శాంటియాగోకు వచ్చింది. వాళ్ల వల్ల కాలేదు. చివరికి ఆ పట్టీ ఎవరికి వచ్చిందనుకున్నారు? హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి. జాఫర్ జంగ్ అనే నవాబు సరదాగా ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించుకుని 1901లో మొదలుపెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు తీసుకుంది. అక్కడి గుమాస్తాలు మైక్రోమీటరులో కన్ను పెట్టి గాజు పలకల మీది చుక్కలను ఒక్కొక్కటీ కొలిచి చేత్తో రాశారు, లక్షల్లో. ఆ అబ్జర్వేటరీలో అసిస్టెంటుగా పనిచేసినాయన కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, మాస్టారు గ్రాఫ్‌లో పెట్టిన ఆ సంఘానికే.

టీచరమ్మ అన్నట్టు అప్పటి రైతు పరిస్థితి ఏమిటో నాకు తెలుసు, మా తాత సంగతి తెలుసు. నవాబు సరదా న్యాయమా కాదా అని నేను తీర్పు చెప్పను. కానీ ఆ పని ఆగలేదు. నవాబు పోయినా ఆగలేదు. నా లెక్కలో అసలు అంకె అది.

కిన్వట్ బడి · 7.02

దీనికి జవాబు లేదు నా దగ్గర. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు మా అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టి మమ్మల్ని గదిలో పెట్టి తలుపేసింది. అదే రోజు హైదరాబాద్ పక్కన జపాల్-రంగాపూర్‌లో శాస్త్రవేత్తలు బారులు తీరారని పెద్దయ్యాక చదివి ఏడుపొచ్చింది. మా పిల్లలకు అలా కాకూడదనే నా పోట్లాట. మాస్టారూ, మీ పాత లెన్సులు ఏమైనా ఉంటే పంపండి.

దెగ్లూర్ ఫిజిక్స్ · 7.20

రెండున్నాయి టీచర్ గారూ, ఒకటి కొంచెం గీతలు పడింది. ఎస్టీ బస్సులో కిన్వట్ పంపుతాను, కండక్టర్ నంబరు మెసేజ్ చేస్తాను. ఫిబ్రవరి 28న ఖోడద్‌లో సైన్స్ డేకి జిఎంఆర్‌టి లోపలికి వదులుతారట. ఈసారి పిల్లలను తీసుకెళ్లాలని ఉంది. ఎవరైనా కలుస్తారా?

గల్ఫ్ బాట · 7.33

డీజిల్ ఖర్చు సగం నాది సార్. నా మేనకోడలు మీ కాలేజీలోనే ఉంది. వెనక బెంచీ.

దెగ్లూర్ ఫిజిక్స్ · 7.35

ఓహో!

ఔంఢా రోడ్డు · రాత్రి 9.50

బండి దిగి ఇప్పుడే చదివాను. ఊయల మాట అర్థమైంది అక్కా. ఇంకొక్కటి అడుగుతాను. మావాడు ఐటీఐలో వెల్డర్ ట్రేడు. ఆ నాలుగు కిలోమీటర్ల గొట్టం అతికేది ఎవరు? అలాంటి పని మావాడికి వస్తుందా?

పుణె రేడియో · 10.20

అన్నా, ఆ గొట్టం 1.2 మీటర్ల వెడల్పు స్టెయిన్‌లెస్ స్టీలు. లోపల గాలి దాదాపు ఏమీ ఉండకూడదు. అతుకులో వెంట్రుక అంత సందు ఉన్నా కుదరదు. అందుకని ప్రతి అతుకు మీదా బయటి నుంచి హీలియం గ్యాసు చిమ్ముతారు, లోపల గాలి లాగే యంత్రానికి హీలియం పసిగట్టే మీటరు ఉంటుంది. మీటరు పలికిందంటే అతుకు కారుతున్నట్టే, మళ్లీ చేయాలి. మీవాణ్ని స్టెయిన్‌లెస్ స్టీలు టిగ్ వెల్డింగ్ బాగా నేర్చుకోమనండి. పని ఎవరికి ఇస్తారో నేను చెప్పలేను, కానీ అది రాకుండా ఆ గేటు దగ్గరికి పోయి లాభం లేదు.

రిటైర్డ్ లెక్కలు · 10.31

ఆ హీలియం జాడ మొదట దొరికింది భూమ్మీద కాదు, సూర్యుడిలో. 1868 ఆగస్టు 18 గ్రహణం. దాన్ని చూడడానికి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి మన గుంటూరు దాకా వచ్చాడు.

ఔంఢా రోడ్డు · 10.44

టిగ్ అని రాసుకున్నాను. మావాడు నిద్రపోయాడు, పొద్దున చెబుతా.